ఎండ ఖాయం... కాగితమే అనుమానం

రాయలసీమ బీళ్ల మీద సోలార్ పలకలు పరుచుకుంటున్నాయి. కంపెనీ లాయర్లు నెలల తరబడి రిస్కు లెక్కలు కడుతున్నారు. భూమి ఇచ్చే రైతుకు ఆ లెక్క ఎవరు కట్టి పెడతారు?

"ఇంగ్లీషులో ఉండాదప్పా. ఏం రాసినారో నువ్వే సూసి సెప్పు."

కదిరి దాటి ఎన్‌పీ కుంట వైపు పోయే దారిలో, ఒక ఊరి రచ్చకట్ట మీద పెద్దాయన నా చేతిలో పెట్టిన కాగితాల కట్ట ముప్పై నాలుగు పేజీలుంది. సోలార్ ప్లాంటు కోసం భూమిని లీజుకు తీసుకునే ముసాయిదా అది. మొదటి పేజీలో తన పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు ఉన్నాయని ఆయనకు తెలుసు. చదివి చెప్పిన కుర్రాడు అంతవరకే చదివి, ఆపైన ఎకరాకు ఏడాదికి ఎంతో ఆ అంకె చూపించి వెళ్లిపోయాడట. ఆయన వేలు ఆ అంకె మీదే ఉంది. నేను ఇరవై తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. ప్రభుత్వ విధానం మారినా, కరెంటు కొనే ఒప్పందం రద్దయినా, గ్రిడ్ అనుమతి రాకపోయినా లీజుదారు తొంభై రోజుల నోటీసిచ్చి తప్పుకోవచ్చునని అక్కడ రాసుంది. మరి రైతు తప్పుకోవాలంటే ఎలా? ముప్పై నాలుగు పేజీలూ తిరగేశాను. ఎక్కడా ఆ ముక్క లేదు.

కంపెనీల వాళ్లు దీన్ని రెగ్యులేటరీ రిస్కు అంటారు. చట్టం, జీవో, కమిషన్ ఉత్తర్వు, తహసీల్దారు సంతకం, పంచాయతీ తీర్మానం... వీటిలో ఏ ఒక్కటి అడ్డం తిరిగినా పెట్టిన డబ్బుకు ఎంత దెబ్బ అనే లెక్క అది. రచ్చకట్ట మీద దానికి అంత పేరు లేదు. "రేపు గవర్నమెంటు మారితే?" అంటారు, అంతే. అడిగేది ఇద్దరూ ఒకటే. కాకపోతే కంపెనీ జవాబు కోసం హైదరాబాదులో లాయర్లను పెట్టుకుంటుంది. గండం ఉందనిపిస్తే యూనిట్ ధరలో నాలుగు పైసలు కలుపుకుంటుంది. అప్పిచ్చే బ్యాంకు దాన్ని వడ్డీలో కలుపుకుంటుంది. రైతు దేంట్లో కలుపుకోవాలి?

ఒక జీవో, రెండేళ్ల ఎనిమిది నెలలు

గవర్నమెంటు మారితే అన్న ఆ ప్రశ్న ఊసుపోక అడిగేది కాదు. 2019 జులై 1న, కొత్త ప్రభుత్వం వచ్చిన నెల రోజులకు, ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ ఆర్టీ నంబరు 63 జీవో ఇచ్చింది. పాత ప్రభుత్వ హయాంలో కుదిరిన పవన, సౌర విద్యుత్తు కొనుగోలు ఒప్పందాల ధరలను తిరగదోడేందుకు ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసింది. పది పన్నెండు రోజులకే కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) నుంచి కంపెనీలకు ఉత్తరాలు వెళ్లాయి. ఇకపై గాలి కరెంటు యూనిట్ రూ.2.43కు, సోలార్ రూ.2.44కు ఇవ్వాలి, లేకుంటే ఒప్పందమే ఉండకపోవచ్చు అన్నది వాటి సారాంశం.

ప్రభుత్వం అడిగినదాంట్లో అర్థమే లేదని కొట్టిపారేయలేం. 2015 చివర్లో కర్నూలు జిల్లా గని సోలార్ పార్కు వేలంలో యూనిట్ రూ.4.63 పలికితే, ఇంత చవకా అని దేశమంతా ముక్కున వేలేసుకుంది. (ఆ ధర పాడిన అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ ఐదారు నెలలకే దివాలా తీసింది. అదో పెద్ద కథ.) 2017 ఏప్రిల్‌లో కడప పార్కుకు రూ.3.15 పలికింది. ఆ మరుసటి నెలే రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44కు పడిపోయింది. రెండేళ్లలో ధర దాదాపు సగమైతే, పాతిక సంవత్సరాల పాటు పాత ధరే కట్టాల్సిన డిస్కంకు కడుపు మండదా? మండుతుంది. కరెంటు బిల్లు కట్టే మనకూ మండాలి.

అయితే బేరం కుదిరి, బయానా పుచ్చుకుని, ధాన్యం బస్తాలకెత్తాక "పక్క ఊళ్లో తక్కువకు దొరుకుతోంది, నువ్వూ అంతకే ఇవ్వు" అంటే ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా? కంపెనీలు హైకోర్టుకెక్కాయి. 2019 సెప్టెంబరు 24న ఏకసభ్య ధర్మాసనం జీవో 63ను కొట్టేసింది. ధరల సంగతి విద్యుత్తు నియంత్రణ మండలిని తేల్చమంది. అది తేలేదాకా 2.43, 2.44 చొప్పునే చెల్లించమంది. గెలుపు సగమే. చివరికి 2022 మార్చి 15న డివిజన్ బెంచి, ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పిచ్చింది. జీవోకూ ఈ తీర్పుకూ మధ్య రెండేళ్ల ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఏడాదే జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనలు డిస్కంలు పాత బకాయిలను 48 వాయిదాల దాకా విడగొట్టుకుని కట్టే వీలు కల్పించాయి.

పెద్ద కంపెనీలు ఆ కాలాన్ని ఈదాయి. నా దిగులు వేరే. నెలనెలా రావాల్సిన బిల్లులో సగమే వస్తున్న కంపెనీ బ్యాంకు వాయిదా ముందు కడుతుందా, రైతు లీజు ముందు కడుతుందా? బ్యాంకు దగ్గర తాకట్టు ఉంది. రైతు దగ్గర ఏముంది? తన భూమే. దాని మీద అప్పటికే ఇనప కాళ్లు పాతేసి ఉంటాయి.

పేరు రాయాల్సిన చోట చుక్కలు

జీవోలు పేపర్లో వస్తాయి కాబట్టి ఆ గండం అందరికీ కనిపిస్తుంది. ఊళ్లో ఉండే గండం రెవెన్యూ బీరువాలో దాక్కుని ఉంటుంది.

రీసెటిల్‌మెంట్ రిజిస్టరు ఎప్పుడైనా చూశారా? మనవాళ్లు ఆర్‌ఎస్ఆర్ అంటారు. బ్రిటిషువాళ్ల కాలంలో భూములు కొలిచి, ప్రతి సర్వే నంబరుకూ ఒక వరుస గీసి, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు రాశారు. కొన్ని వరుసల్లో పట్టాదారు గడిలో పేరు ఉండదు. చుక్కలుంటాయి. అది ప్రభుత్వ భూమా, ప్రైవేటుదా తేలనప్పుడు గుమాస్తా కలం అలా నాలుగు చుక్కలు పెట్టి ముందుకు సాగింది. ఆ నాలుగు చుక్కల కింద తరతరాలుగా దున్నుకుంటున్న కుటుంబాలు నలిగిపోయాయి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద నిషేధ జాబితాలో పడితే ఆ భూమిని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. 2017లో ఆంధ్రప్రదేశ్ చుక్కల భూముల కోసం ప్రత్యేకంగా చట్టమే చేసింది. అయినా సోలార్ కంపెనీ తరఫున భూమి వెతికే బ్రోకరు ఊళ్లోకి రాగానే అడిగే మొదటి మాట ఇప్పటికీ ఇదే: "22-ఎలో లేదు కదా?"

డి-పట్టాలది ఇంకో గోడు. 1954 తర్వాత ఆంధ్ర ప్రాంతంలో ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని పరాధీనం చేయకూడదన్నది షరతు. 1977 చట్టం దానికి కోరలు పెట్టింది. 2023 సవరణతో, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. ఫ్రీహోల్డ్ అయిన ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి, ఫైళ్లు మళ్లీ తిరగేయమన్నారు. దుర్వినియోగం జరిగిందన్న ఆరోపణల్లో పస ఉండొచ్చు, నేను కాదనను. కానీ 2023లో తన ఎకరన్నర మీద హక్కు వచ్చిందని సంబరపడి 2024లో రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద కూర్చున్న దళిత రైతుకు, ఆ ఆరోపణకూ సంబంధం ఏమిటి?

భూహక్కు చట్టం 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి వచ్చి ఏడాది తిరక్కుండానే రద్దయింది. పాస్‌బుక్ అట్ట మీది బొమ్మ సహా మారిపోయింది. సాగుభూమిని వ్యవసాయేతరంగా మార్చే 2006 నాటి నాలా చట్టాన్ని కూడా 2025లో రద్దు బాట పట్టించారు. తెలంగాణలో 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలోకి 2025లో భూభారతి వచ్చింది. వీటిలో కొన్ని మంచి మార్పులే. కానీ పాతికేళ్ల లీజు రాసుకునేవాడి కోణంలో చూడండి. నేల కదలదు, దాని మీది కాగితం మాత్రం అయిదేళ్లకోసారి కదులుతోంది.

కంపెనీలు ఒకదాన్నొకటి ఆనుకున్న కమతాలు కోరుకుంటాయి. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, వంద మెగావాట్లంటే నాలుగైదు వందల ఎకరాలు. కొనాలంటే 1973 భూసంస్కరణల చట్టం అడ్డొస్తుంది. మెట్ట భూమిలో ఎంత నాసిరకమైనా 54 ఎకరాలు దాటి ఉంచుకోవడానికి లేదు, మినహాయింపు తెచ్చుకుంటే తప్ప. ఈమధ్య అంతా లీజు మాటే. ఆ వందల ఎకరాల నడుమ ఒకే ఒక్క చుక్కల సర్వే నంబరు పడిందనుకోండి, గీసిన నక్షా అంతా చిందరవందర. కంపెనీ లాయరు ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అడంగల్, 1-బి, ఎఫ్ఎంబీ అన్నీ ముందేసుకుని, అనుమానం ఉన్న నంబర్లకు ఎర్ర సిరాతో సున్నా చుడతాడు. ఆ సున్నా పడిన రైతుకు లీజు రాదు. ఎందుకు రాలేదో కూడా ఎవరూ చెప్పరు.

ఎన్‌పీ కుంటలో సోలార్ పార్కు వచ్చినప్పుడు ఇదే కథ ఇంకో రూపంలో జరిగింది. పట్టా ఉన్నవాడికి ఒక లెక్క, డి-పట్టాకు ఇంకో లెక్క. సాగులో ఉండి రికార్డులో లేనివాడు ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

ఎవరూ అడగని భూమి

సోలార్ ప్లాంట్లకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన పరిధిలోకి అవి రావని కేంద్రం తేల్చేసింది. పొగ లేదు, బూడిద లేదు కాబట్టి అందులో న్యాయం ఉంది. కానీ ఆ అనుమతితోపాటు జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ కూడా పోయింది. థర్మల్ ప్లాంటు పెడితే కలెక్టరు షామియానా వేసి ఊరివాళ్లను మాట్లాడనిస్తాడు. అయిదు వేల ఎకరాలు కంచె వేసినా సోలార్‌కు షామియానా లేదు.

షామియానా లేని చోట మొదట నష్టపోయేది గొర్రెల కాపరి. మేత పోరంబోకు, డొంక, వంక, గుట్ట... ఇవి ఎవరి పాస్‌బుక్‌లోనూ ఉండవు. వేరుశనగ పీకేశాక పట్టా చేలల్లో కూడా మంద తోలుకోవడం సీమలో ఆనవాయితీ, దానికి కాగితం ఏనాడూ లేదు. ఇనప కంచె పడగానే ఆ డొంక దారి మూసుకుపోతుంది. మంద నాలుగు మైళ్లు చుట్టు తిరగాలి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగానే చెప్పింది. ఎవరైనా కాపరి ఆ తీర్పు పట్టుకుని కోర్టుకు వెళ్తే, నక్షాలో డొంక మీద పలకలు పరిచిన కంపెనీకి అప్పుడు తెలుస్తుంది అసలు రిస్కు ఎక్కడుందో. కంపెనీలకు నేను పనిగట్టుకుని చెప్పేది ఒకటే. తహసీల్దారు కాగితం ఎంత గట్టిదైనా, వంక మళ్లించి డొంక మూసిన ప్లాంటు గేటు ముందు ఏదో ఒకనాడు టెంటు పడుతుంది.

ఇంకొన్ని గండాలు ఆకాశంలోంచి ఊడిపడతాయి. బట్టమేక పిట్ట లైన్లకు గుద్దుకుని చస్తోందని సుప్రీంకోర్టు 2021లో రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలు భూమిలోపల వేయమంది. సోలార్ కంపెనీల గుండెల్లో రాయి పడింది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించారు. ఆ పిట్ట కోసమే 1988లో మన రోళ్లపాడులో అభయారణ్యం పెట్టుకున్నాం. ఇప్పుడక్కడ అది కనిపించడం గగనం.

ప్లాంటుకు భూమి ఇవ్వని రైతుకూ ఒక వాటా గండం ఉంది. సబ్‌స్టేషన్ దాకా పోయే లైను టవరు ఆయన చేలో పడొచ్చు. 2003 విద్యుత్తు చట్టంలోని 164వ సెక్షన్ కింద అధికారం పొందిన సంస్థకు 1885 టెలిగ్రాఫ్ చట్టం నాటి హక్కులు దక్కుతాయి. అంటే ఒప్పుకోకపోయినా టవరు వేస్తారు, పరిహారం ఇస్తారు. ఆ పరిహారం టవరు కాళ్ల మధ్య నేలకు భూమి విలువలో 85 శాతం అని 2015లో కేంద్రం చెప్పింది. 2024 జూన్‌లో దాన్ని 200 శాతానికి పెంచింది. తీగల కింది నేలకు పల్లెల్లో 30 శాతం ఇవ్వమంది. అయితే ఇవి మార్గదర్శకాలే. రాష్ట్రం తీసుకుంటేనే అమలు. కాబట్టి మీ చేలోకి సర్వే రాళ్లు వస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఏ ఏడాది లెక్కన ఇస్తారు?"

పావగడ పాఠం

సరిహద్దు దాటి, తెలుగు మాటే ఎక్కువ వినపడే పావగడ తాలూకాకు వెళ్తే ఇంకో నమూనా కనిపిస్తుంది. తిరుమణి, వల్లూరు సహా ఐదు ఊళ్ల పరిధిలో 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. కర్ణాటక అక్కడ భూమి కొనలేదు, 28 ఏళ్లకు లీజుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. లీజుదారు ప్రభుత్వ రంగ పార్కు సంస్థ. కంపెనీలు దాని దగ్గర్నుంచి తీసుకుంటాయి. కంపెనీ మునిగినా రైతుకు సమాధానం చెప్పేవాళ్లు ఒకరుంటారు. వానలు మొహం చాటేసిన పల్లెల్లో ఏటా ఖాయంగా వచ్చే డబ్బు కాబట్టి భూమి ఉన్నవాళ్లు సంతోషించారు. భూమి లేని కూలీలు వలస పోయారు. వాళ్లకు లీజు లేదు, కంచె లోపల పని కూడా కొద్దిమందికే.

ఆ 5 శాతం పెంపును కాగితం మీద వేసి చూడండి. రెండేళ్లకు అయిదు అంటే ఏడాదికి రెండున్నర. 21 వేలు పదేళ్ల తర్వాత 26,800 అవుతుంది. లీజు ఆఖరి ఏడాదికి 39,600 దాకా వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లకు రెట్టింపు కూడా కాదు. ఇరవై ఎనిమిదేళ్ల కింద కిలో కందిపప్పు ఎంతుండేదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.

ఇంకో లెక్క. ఒక మెగావాట్ ప్లాంటు మన ఎండకు ఏడాదికి ఉజ్జాయింపుగా 16 లక్షల యూనిట్లు పండిస్తుంది. యూనిట్ రెండున్నర రూపాయలనుకున్నా 40 లక్షలు. దాని కింద ఉన్న అయిదెకరాలకు 21 వేల చొప్పున లీజు లక్షా అయిదు వేలు. అంటే రూపాయిలో రెండున్నర పైసలకు కాస్త పైన. రైతుకు ఇచ్చేది కంపెనీ రాబడిలో ఇంత చిన్నదైనప్పుడు, ఆ చిన్నదానికి గ్యారంటీ ఇవ్వడానికి గీచి గీచి బేరం ఎందుకు? రెండేళ్ల లీజు ముందుగా బ్యాంకులో డిపాజిట్ చేయమంటే ఏ ప్లాంటూ మునిగిపోదు. డిస్కం బిల్లు ఆపినా, జీవో మారినా ఆ రెండేళ్లు రైతు పొయ్యి వెలుగుతుంది. 2019 నాటి గొడవ నడిచిన రెండేళ్ల ఎనిమిది నెలల్లో చాలా భాగం దాంతోనే గడిచిపోయేది.

తెలంగాణది మొదట్నుంచీ కొంచెం వేరే దారి. 2015లోనే పెద్ద పార్కులకు బదులు సబ్‌స్టేషన్ల వారీగా చిన్న ప్లాంట్లు పంచింది. ఇప్పుడు పీఎం కుసుమ్ పథకం కింద అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా రైతే సొంతంగా పెట్టుకోవచ్చు, సబ్‌స్టేషన్‌కు అయిదు కిలోమీటర్ల లోపు ఉంటే. వినడానికి బాగుంది. కానీ అప్పుడు ఒప్పందం తిరగదోడే గండం, బిల్లు ఆలస్యమయ్యే గండం నేరుగా రైతు నెత్తినే పడతాయి. కోట్ల అప్పు మీద ఆర్నెల్లు బిల్లు రాకపోతే హైకోర్టుకు వెళ్లడానికి ఆయన దగ్గర ఎవరున్నారు? డిస్కం చెల్లింపులకు పూచీ దొరక్కుండా రైతును పారిశ్రామికవేత్తను చేస్తామనడం నాకు నచ్చదు.

సీమకు సోలార్ వద్దని నేను అనను. ఏడాదికి అయిదొందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలకు ఎండే పంట అయితే అంతకన్నా ఏం కావాలి? నా పేచీ అంతా ఆ ముప్పై నాలుగు పేజీలతోనే. అందులో లేనివి ఇవీ: విధానం మారితే రైతుకు ఏమిటి, కంపెనీ చేతులు మారితే కొత్త యజమాని పాత మాట నిలబెడతాడా, భూమి వ్యవసాయేతరమైతే పోయే పంట రుణం, రైతు పథకాల డబ్బు ఎవరు భర్తీ చేస్తారు, గడువు తీరాక పలకలు, కాంక్రీటు దిమ్మెలు ఎవరు పెకలించుకుపోతారు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలను చేర్చి బాధ్యత తయారీదారు మీద పెట్టారు. దిమ్మెల ఊసు అందులో లేదు.

రచ్చకట్ట మీది పెద్దాయన ఆ రోజు సంతకం పెట్టలేదు. "తెలుగులో రాసుకోని రమ్మను, అప్పుడు సూస్తా" అని కట్ట మడిచి కండువాలో చుట్టుకున్నాడు. ఏడాది దాటే ఏ లీజైనా రిజిస్టరు కావాల్సిందే, నోటి మాటకు, నోటరీ ముద్రకు విలువ లేదు. మీ ఊరికీ ఇలాంటి కట్ట వస్తే తెలుగు ప్రతి అడగండి, రద్దు గురించి రాసిన పేజీ మొదట చదివించుకోండి. తెలుగు ప్రతి ఇవ్వడం కుదరదంటే, ఆ సంతకం ఇంకో రోజుకు వాయిదా వేయండి.